బర్మా వేరు, పేచ్‌కష్ వేరు మియాఁ!

"ఇంపాక్ట్ ఒక్కటి తీస్కో ఉస్తాద్, ఇంక దేనికీ ఫికర్ లేదు." రాణీగంజ్ దుకాన్లలో కౌంటర్ వెనక నిలబడ్డ ప్రతి కుర్రాడి నోటా ఇప్పుడు ఇదే మాట. ఫోన్‌లో వీడియోలు పెట్టే ఉస్తాదులదీ ఇదే మాట. అమీర్‌పేట్ హాస్టల్ గదిలో కర్టెన్ రాడ్ బిగించుకోవాలనుకునే పిల్లగాడికీ ఇదే సలహా, బంజారా హిల్స్ రోడ్ నంబర్ 12లో కోట్ల రూపాయల ఫ్లాటుకు వార్డ్‌రోబులు చేసే మిస్త్రీకీ ఇదే సలహా. నేనంటాను, ఇది సలహా కాదు, ధోకా. తెలిసి చెప్తే ధోకా, తెలియక చెప్తే జహాలత్. ఏదైనా సరే, నుక్సాన్ భరించేది మాత్రం మిస్త్రీయే. సలహా ఇచ్చినోడు ఆ పూటకు దుకాన్ షటర్ దించి ఇంటికి పోతాడు.

అసలు ఫర్క్ తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, మన జబాన్ చాలు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. ఏ వస్తువును చూసినా నా దిమాగ్ ముందు దాని లఫ్జ్ మీదికి పోతుంది. ఉర్దూలో రెండు మాటలున్నాయి. బర్మా, పేచ్‌కష్. బర్మా అంటే బెజ్జం వేసేది. పాత తెలుగు నిఘంటువుల్లో దీనికి తొరపణం అనే ముచ్చటైన మాట ఉంది, ఇప్పుడు ఎవరూ వాడరు గానీ. పేచ్‌కష్ అంటే పేచ్‌ను, అంటే మరను, లాగి బిగించేది. రెండు పనులు, రెండు ఔజార్లు, రెండు పేర్లు. నా బచ్‌పన్‌లో మా మొహల్లాకు ఒక బూఢే మిస్త్రీ వచ్చేవాడు. ఆయన సందూకులో రెండూ పక్కపక్కనే ఉండేవి. బర్మాకు ఒక కమాన్ ఉండేది, విల్లులాగా. దాని తాడును బర్మాకు చుట్టి ముందుకూ వెనక్కూ లాగుతుంటే కర్రలోంచి సన్నటి పొట్టు లేచేది. బెజ్జం అయ్యాక బర్మా కింద పెట్టి, ఊపిరి తీసుకుని, అప్పుడు పేచ్‌కష్ అందుకునేవాడు. పేచ్‌కష్‌తో బెజ్జం వేస్తానని ఏ కారీగరూ అనలేదు. ఇప్పుడు దుకాన్ కుర్రాడు అంటున్నది సరిగ్గా అదే.

కరెంటు వచ్చాక ఈ రెండు మాటలూ కలగాపులగమయ్యాయి. చేతిలో పట్టుకునే కరెంట్ డ్రిల్‌ను జర్మనీలో ఫైన్ కంపెనీ 1895లో చేసింది. తీగ లేకుండా బ్యాటరీతో నడిచే డ్రిల్‌ను బ్లాక్ అండ్ డెక్కర్ 1961లో బజారులోకి తెచ్చింది. ఈ కార్డ్‌లెస్ డ్రిల్ పుట్టుకతో బర్మా. తర్వాత్తర్వాత దానికి వేగం తగ్గించే గేరూ, బలాన్ని అదుపు చేసే క్లచ్చూ వచ్చి పేచ్‌కష్ పని కూడా నేర్చుకుంది. ఇంపాక్ట్ డ్రైవర్ సంగతి వేరు. అది పుట్టుకతో పేచ్‌కష్. పహిల్వాన్ పేచ్‌కష్ అనండి. దానికి బెజ్జాలు వేసే బిట్టు తగిలించొచ్చు, వేస్తుంది కూడా. పహిల్వాన్‌తో సూదిలో దారం కూడా ఎక్కించొచ్చు, చూసేవాళ్లకు సబ్ర్ ఉంటే.

ఇక ఇంపాక్ట్ అనే లఫ్జ్ చేసిన గడబిడ ఇంతా అంతా కాదు. మన దేశంలో బాష్ వాడు గోడకు బెజ్జం కొట్టే తీగ మెషీన్‌ను ఇంపాక్ట్ డ్రిల్ అనే పేరుతో అమ్ముతాడు, డబ్బా మీద జీఎస్‌బీ అని ఉంటుంది. మరలు బిగించేది ఇంపాక్ట్ డ్రైవర్, దాని అక్షరాలు జీడీఆర్. పెద్ద బోల్టులు బిగించేది ఇంపాక్ట్ రెంచ్, జీడీఎస్. మూడు వేర్వేరు మెషీన్లు, మూడింటికీ ముందు ఒకే మాట. పంజాగుట్ట నుంచి ఫోన్ చేసి "ఇంపాక్ట్ పంపించు భాయ్" అన్న మాలిక్‌కు ఇంటికి ఏది వస్తుందో అల్లాహ్‌కే ఎరుక. గోడకు బెజ్జం కొట్టాలనుకున్నవాడికి మరలు బిగించేది వస్తుంది. వాడు దాన్ని గోడకు ఆనించి పది నిమిషాలు షోర్ చేసి, గోడకు ఇంత సున్నం మరక తప్ప ఏమీ పడక, "మెషీన్ బేకార్" అంటాడు. మెషీన్ బేకార్ కాదు, పేరు బేకార్.

దెబ్బ ఏ దిక్కున పడుతుందో చూస్తే చాలు, ఈ గడబిడ తేలిపోతుంది. గోడలోకి మేకు దిగాలంటే సుత్తితో మేకు తల మీద కొడతాం. దెబ్బ ముందుకు పోతుంది. హ్యామర్ మోడ్ ఉన్న డ్రిల్లు, పెద్ద రోటరీ హ్యామర్ చేసేది ఇదే, తిరుగుతూ ముందుకు కొట్టడం. తుప్పుపట్టిన నట్టు రాకపోతే మెకానిక్ ఏం చేస్తాడు? పానా తగిలించి, పానా కొసన సుత్తితో కొడతాడు. దెబ్బ పక్కకు, తిరిగే దిక్కున పడుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ చేసేది ఇది. లోపల ఒక స్ప్రింగు, ఒక ఇనుప సుత్తి, దాని ముందు ఒక దాగలి. మర తేలిగ్గా తిరుగుతున్నంతసేపూ మామూలుగా తిరుగుతుంది. అడ్డు తగలగానే సుత్తి వెనక్కి జారి, ఎగిరి, దాగలిని తిరిగే దిక్కున కొడుతుంది. నిమిషానికి మూడు వేల పైచిలుకు దెబ్బలు, అంటే సెకనుకు యాభై. ఆ కటకట మోత అదే. ఆ దెబ్బల్లో ఒక్కటి కూడా గోడ వైపు పోదు. కాబట్టి మీ కాంక్రీట్ దీవార్‌కు అది చేసే ఖిద్మత్ ఏమీ లేదు.

మరి "ఒక్కటి చాలు" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఇది అమెరికా నుంచి దిగుమతి అయిన మాట. అక్కడ మామూలు ఇల్లంటే కర్ర దూలాల పంజరం, దాని మీద జిప్సం పలక. గోడకు ఏది బిగించాలన్నా పలక వెనక కర్ర ఎక్కడుందో వెతికి, దాంట్లోకి పొడుగాటి మర దించడమే. పెరట్లో చెక్క అరుగు, చెక్క కంచె, చెక్క మెట్లు. రోజంతా కర్రలోకి మరలు దించేవాడికి ఇంపాక్ట్ డ్రైవరే షెహెన్‌షా, కాదనను. ఆ వీడియో చూసి మనవాడు దాని తర్జుమా చేసి ఇంకో వీడియో పెడతాడు. మాటలు తర్జుమా అయ్యాయి, గోడ కాలేదు.

మన గోడ ఏమిటి? ఇటుక, సిమెంట్ ఇటుక, ఆర్సీసీ, ఈ మధ్య తెల్లటి తేలికపాటి ఏఏసీ బ్లాకు. బంజారా హిల్స్ అయితే పునాది కిందంతా బండ. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఈ కొండల మీద బస్తీ వెలిసిన తొలిరోజుల్లో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఆ బండల మధ్యే ఇల్లు కట్టుకున్నారు. 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నర్‌గా వెళ్లింది ఆయనే, మన క్యాన్సర్ ఆస్పత్రి పేరులో ఉన్నదీ ఆయనే. ఇప్పుడు ఆ బండల్ని పిండి చేసి సెల్లార్లు దించుతున్నారు, అది వేరే గుస్సా, ఇంకోసారి రాస్తాను. నేను చెప్పేది ఏమిటంటే, రాతి మీద నిలబడ్డ ఊళ్లో చెక్క ఇళ్ల ఊరి ఔజార్ సలహా నడవదు.

ఆర్సీసీ గోడకు ఏసీ బ్రాకెట్టో గీజరో బిగించాలంటే డ్రిల్లూ కాదు, ఇంపాక్టూ కాదు, ఎస్‌డీఎస్ బిట్టు పట్టే రోటరీ హ్యామర్ కావాలి. తీగదైతే ఇంకా మేలు, సస్తా కూడా. ఇటుక గోడకు ఆరు, ఎనిమిది ఎంఎం బెజ్జాలైతే హ్యామర్ మోడ్ ఉన్న కార్డ్‌లెస్ డ్రిల్ హాయిగా వేస్తుంది. ఏఏసీ బ్లాకుకు ఆ హ్యామర్ మోడ్ కూడా వద్దు, ఉత్తగా తిప్పితే చాలు. కొడితే బెజ్జం వెడల్పై రావల్ ప్లగ్ వదులుగా ఆడుతుంది, నెల తిరిగేసరికి షెల్ఫు నేల మీద. కిచెన్ గట్టు గ్రానైట్‌కో బాత్రూమ్ టైల్‌కో అయితే దెబ్బ అనేదే హరామ్. వజ్రపు పొడి అద్దిన బిట్టు, మెల్లటి వేగం, చుక్క చుక్కగా నీళ్లు. ఈ మొత్తం ఫెహ్రిస్తులో ఇంపాక్ట్ డ్రైవర్ పేరు ఒక్కసారైనా వచ్చిందా?

ఇక కర్ర పని. ఇక్కడే అసలు జుల్మ్ జరుగుతోంది.

మా ఫుప్పీ కొడుకు ఒకడు బోరబండలో ఉంటాడు, మిస్త్రీ. చేతిలో హునర్ ఉన్నోడు. కార్డ్‌లెస్ డ్రిల్‌తో ఆరేళ్లు పని చేశాడు. బంజారా హిల్స్‌లో ఒక ఫ్లాటు పని పట్టిన ఇంటీరియర్ కంపెనీ సూపర్‌వైజర్ మొదటి రోజే వాడి మెషీన్ చూసి నవ్వాడట. "ఇంకా ఇదేనా? మా సైట్లో అందరూ ఇంపాక్టే. స్పీడ్ కావాలి. రేపు తెచ్చుకో, లేకపోతే రాకు." కంపెనీ ఇవ్వదు, తనే తెచ్చుకోవాలి. వాడు డ్రిల్‌ను సగం ధరకు అమ్మి, మిగతాది కిస్తుల మీద పెట్టి ఇంపాక్ట్ కొన్నాడు. పని ఏమిటి? కిచెన్ షటర్లకు కబ్జాలు బిగించడం. షటర్లు ఎండీఎఫ్, కబ్జాల స్క్రూలు 16 ఎంఎం.

(మడతబందును మన మిస్త్రీలు కబ్జా అంటారు. బంజారా హిల్స్‌లో ఆ మాట వినగానే జనానికి తలుపు గుర్తుకు రాదు, ఎవరి ప్లాటు పోయిందోనని అడుగుతారు. లఫ్జ్ ఒక్కటే, పట్టుకోవడం అనే మతలబూ ఒక్కటే.)

ఇప్పుడు మీరే హిసాబ్ వేయండి. ఇంపాక్ట్ పూర్తి వేగంలో నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుంది అనుకుందాం. అంటే సెకనుకు నలభై పైనే. 16 ఎంఎం స్క్రూ పూర్తిగా దిగడానికి పది పన్నెండు చుట్లు చాలు. సెకనులో మూడో వంతు కూడా పట్టదు. వేలు ట్రిగ్గర్ మీంచి లేచేలోపు స్క్రూ దిగిపోయి, ఇంకా తిరిగి, ఎండీఎఫ్ లోపలి గాళ్లను పిండి చేసేస్తుంది. ఆపే క్లచ్ దానికి లేదు. డ్రిల్ మెడ చుట్టూ అంకెలున్న రింగు ఉంటుంది చూడండి, అదే క్లచ్. మూడు మీదో నాలుగు మీదో పెడితే స్క్రూ తల కబ్జాకు ఆనగానే కర్ర్ అని అని తిరగడం మానేస్తుంది. ఆ కర్ర్ అనే చప్పుడు కోసమే ఆ మెషీన్‌ను కొనాలి. నా లెక్కలో కార్డ్‌లెస్ డ్రిల్ మొత్తంలో అన్నింటికన్నా విలువైన హిస్సా ఆ రింగే.

వాడి షటర్లు తొమ్మిది పోయాయి. వదులైన బెజ్జాల్లో అగ్గిపుల్లలు, జిగురు పెట్టి సరిచేస్తానన్నాడు. కంపెనీ వద్దంది. పదకొండు రోజుల మజ్దూరీ కోసేసింది. ఇంపాక్ట్ తెమ్మన్నది ఎవరు? కంపెనీ. షటర్లకు ఎండీఎఫ్ వాడింది ఎవరు? కంపెనీ. తప్పు ఎవరి మీద పడింది? కిస్తులు కడుతున్నవాడి మీద. ఇది ఇంసాఫ్ అనేవాళ్లుంటే నా ముందుకు రమ్మనండి.

దీనికి ఒక జవాబ్ వస్తుందని నాకు తెలుసు. ట్రిగ్గర్‌ను పూర్తిగా నొక్కొద్దు, సగం నొక్కి మెల్లగా దించొచ్చు కదా అంటారు. ఖరీదైన కొత్త మోడళ్లలో మూడు నాలుగు వేగాలున్నాయి, చిన్న స్క్రూకు తగ్గించే మోడ్ కూడా ఉంది అంటారు. నిజమే. వేలి కొసలో ఆ నజాకత్ ఉన్న కారీగర్లను నేనూ చూశాను. కానీ పొద్దున మొదటి షటర్ దగ్గర ఉన్న నజాకత్, సాయంత్రం అరవయ్యో షటర్ దగ్గర, పైన సూపర్‌వైజర్ "జల్దీ జల్దీ" అంటుండగా, మిగులుతుందా? మనిషి అలిసిపోతాడనే కదా ఔజార్‌కు క్లచ్ పెట్టింది! దాన్ని తీసేసి, వేలితో క్లచ్ పని చెయ్యమనడం ఏం దలీల్?

డబ్బా మీద అంకెల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మిస్త్రీలను పడగొట్టేది అవే. మామూలు 18 వోల్టుల డ్రిల్ డబ్బా మీద టార్క్ 50, 60 న్యూటన్ మీటర్లని ఉంటుంది. ఇంపాక్ట్ డబ్బా మీద 160, 180. దుకాన్ కుర్రాడు రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి, "చూడు ఉస్తాద్, మూడింతల తాకత్" అంటాడు. మీటరు పొడవు పానా కొసన పదికిలోల బరువు వేలాడదీస్తే వచ్చే తిప్పుడు బలం దాదాపు వంద న్యూటన్ మీటర్లు. డ్రిల్ ఇచ్చే బలం ఆగకుండా, ఒకే ధారగా వస్తుంది. ఇంపాక్ట్ ఇచ్చేది చిన్న చిన్న దెబ్బల్లో, ఒక్కో దెబ్బ కన్నుమూసి తెరిచేలోపు. బిర్యానీని, అత్తర్‌ను ఒకే తరాజులో పెట్టి ఏది ఎక్కువని అడిగినట్టుంది. కర్రలో 35 ఎంఎం కబ్జా గుంట తవ్వాలన్నా, తలుపుకు తాళం కోసం హోల్ సా తిప్పాలన్నా ఆగని ధార కావాలి, దెబ్బలు కాదు. దెబ్బలు పడితే అంచులు చిట్లి, పైన అతికించిన మైకా లేచిపోతుంది. అదీగాక ఇంపాక్ట్ మూతికి ఆరు పలకల పావు అంగుళం బిట్టే పడుతుంది. ఇంట్లో ఉన్న గుండ్రటి కాడ బిట్లన్నీ దానికి బేకార్. డ్రిల్ చక్ మూడు దవడలతో గుండ్రటిదాన్నీ పలకలదాన్నీ రెండింటినీ పట్టుకుంటుంది.

ఇంపాక్ట్ మీద నాకు ఖాందానీ దుష్మనీ ఏమీ లేదు. దాని హక్కు దానికి ఇస్తాను. 75, 100 ఎంఎం స్క్రూలు సాగువాను చౌకట్‌లోకి దించాలంటే, మంచాల చట్రాలు బిగించాలంటే, ఏళ్ల నాటి తుప్పు బోల్టు విప్పాలంటే దానికి సాటి లేదు. ఇంకో గొప్ప గుణం ఉంది, దుకాన్లో ఎవరూ చెప్పనిది. అది మణికట్టును కాపాడుతుంది. డ్రిల్‌తో పొడుగాటి మర దించేటప్పుడు మర బిగుసుకుపోతే మెషీనే తిరగబడుతుంది, మణికట్టును మెలిపెట్టేస్తుంది. నిచ్చెన మీద ఒంటిచేత్తో పనిచేసేవాడికి అది ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఇంపాక్ట్ దెబ్బల ఎదురుదెబ్బ లోపలి సుత్తే మింగేస్తుంది, చేతికి ఆ మెలిక రాదు. స్టార్ తల స్క్రూల మీంచి బిట్టు జారి తల అరిగిపోవడమూ తక్కువే. రోజుకు వందల కొద్దీ పెద్ద మరలు దించేవాడు నలభై దాటాక చెయ్యి పనికిరావాలంటే ఇంపాక్ట్ ఉండాల్సిందే. తాకత్ అని అమ్ముతున్నారు గానీ దాని అస్లీ ఖూబీ రహమ్.

బస్తీల్లో రేకుల కప్పు వేసేవాళ్లకూ ఇది బాగా పనికొస్తుంది. కాస్త జాగ్రత్త, అంతే. స్క్రూ కింద నల్ల రబ్బరు వాషర్ ఉంటుంది. అది రేకుకు ఆని కొంచెం ఉబ్బితే చాలు. ఇంపాక్ట్‌తో ఇంకో సెకను నొక్కితే వాషర్ చితికి పక్కకు వచ్చేస్తుంది. ఆషాఢంలో నీళ్లు కారేది అక్కడే.

కాబట్టి ఒకే ఒక్కటి కొనే స్తోమత ఉన్న మిస్త్రీ ఏది కొనాలి? ఫర్నిచర్, కిచెన్, వార్డ్‌రోబ్ పనైతే ముందు డ్రిల్. క్లచ్ ఉన్నది, రెండు గేర్లున్నది, 13 ఎంఎం చక్ ఉన్నది. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక రెండోది ఇంపాక్ట్. ఫాల్స్ సీలింగ్ చట్రాలు, రేకులు, ఇనుప యాంగిల్స్ మీద పనిచేసేవాడైతే వరస తిరగేసుకోవచ్చు. హాస్టల్ పిల్లగాడికి రెండూ వద్దు, పక్కింట్లో అడిగి తెచ్చుకుని కర్టెన్ రాడ్ బిగించి ఇచ్చెయ్యాలి, ఖాళీగా ఇవ్వకుండా ఇంత ఖుబానీ కా మీఠా పెట్టి. బంజారా హిల్స్ సాబుల మాట నేను చెప్పను. అల్మారాలో డబ్బా విప్పకుండా పెట్టుకునేవాడికి ఏదైనా ఒకటే.

రెండోది కొనేటప్పుడు ఇంకో గొలుసు కాలికి పడుతుంది, అది బ్యాటరీ. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మెషీన్‌కు పట్టదు. కావాలనే అలా చేస్తారు. మొదటి మెషీన్ ఏ రంగుదైతే జిందగీ అంతా ఆ రంగుకే బానిస. ఇదీ ఒక రకం కబ్జానే. జర్మనీలో మెటాబో, ఇంకొన్ని కంపెనీలు కలిసి 2018లో ఒకే బ్యాటరీ మీద రాజీకి వచ్చాయి. యూరప్ వాళ్లు 2024 ఆఖరు నుంచి ఫోన్లన్నింటికీ ఒకే చార్జర్ మూతి ఉండాలని ఖానూన్ తెచ్చారు. ఫోన్‌కు తేగలిగినవాళ్లు మజ్దూర్ ఔజార్‌కు ఎందుకు తేలేరు? మన దగ్గర ఈ సవాల్ అడిగే యూనియన్ కూడా నాకు కనపడలేదు. అందాకా మిస్త్రీ చెయ్యగలిగింది ఒక్కటే. మెషీన్ కొనేముందు ఆ కంపెనీ బ్యాటరీ విడిగా ఎంతకు వస్తుందో అడగడం, రెండోసారి బ్యాటరీ లేని ఉత్త మెషీన్ తీసుకోవడం. ఇంకోటి, మే నెలలో సైట్ మీద ఎండలో కాలిన బ్యాటరీని వెంటనే చార్జింగ్‌కు పెట్టకూడదు. మంచి చార్జర్ అయితే చల్లారేదాకా తీసుకోనే తీసుకోదు, చెడ్డదైతే తీసుకుని బ్యాటరీని చంపుతుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో సగం ధరకు దొరికే బ్యాటరీల్లో చాలావాటి కథ ఇదే.

మిగిలింది షోర్. ఇంపాక్ట్ చప్పుడు పట్టుకున్నవాడి చెవి దగ్గర వంద డెసిబెల్స్‌కు అటూ ఇటూ ఉంటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆ నిబంధన చూపించి అపార్ట్‌మెంట్ కమిటీలు మెషీన్‌కు టైమ్ పెడతాయి. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ మూడు నుంచి ఐదు దాకా. పెట్టండి, బీమార్లుంటారు, చంటిపిల్లలుంటారు, జాయజ్ మాటే. కానీ మధ్యలో ఖాళీగా కూర్చున్న గంటలకు మిస్త్రీకి మజ్దూరీ ఎవరిస్తారు? షటర్‌కు ఇంతని లెక్కకట్టే పని అది. కూర్చున్నంతసేపూ కమాయీ సున్నా. పైగా కమిటీ సాబ్ చెవికి తలుపు మూసుకునే హక్కుంది, మిస్త్రీ చెవికి ఇంత దూది కూడా లేదు. ఆ చెవుల హిఫాజత్ గురించి ఏ కాంట్రాక్టులోనూ ఒక్క అక్షరం నేను చూడలేదు. జర్నలిస్టును కదా, కాగితాలు చూపించమని అడుగుతుంటాను. చాలాచోట్ల కాగితమే లేదన్నారు.

అందుకని ఇంటి పని చేయించుకునే మాలికులకు నాదొక మాట. మీ ఠేకేదార్‌తో మాట్లాడేటప్పుడు మైకా రంగు గురించి గంట, లైట్ల గురించి గంట మాట్లాడతారు కదా, ఇంకో పది నిమిషాలు ఇవ్వండి. షటర్లు ఎండీఎఫా, ప్లైవుడ్డా? కబ్జాలు బిగించేది ఏ మెషీన్‌తో? ఆ మెషీన్ ఎవరిది? బోర్డు పాడైతే కోత ఎవరికి? ఏ ఔజార్ వాడాలో హుకుమ్ ఇచ్చేది కంపెనీ అయితే ఆ ఔజార్ కొనేదీ కంపెనీయే కావాలి. ఆ హుకుమ్ వల్ల వచ్చిన నుక్సాన్ కూడా కంపెనీ లెక్కలోకే పోవాలి. మిస్త్రీయే ఔజార్ తెచ్చుకోవాలంటే, ఏది తెచ్చుకోవాలో తేల్చే ఇఖ్తియార్ కూడా మిస్త్రీకే ఉండాలి. కాగితం మీద రాయించండి, ఉర్దూలోనో తెలుగులోనో, వాడు చదవగలిగే జబాన్‌లో. బిట్ల ఖర్చు కూడా అందులోనే రాయించండి. ఇంపాక్ట్ దెబ్బలకు స్టార్ బిట్లు విరుగుతూనే ఉంటాయి, ఒక్కో దాని ఖరీదు చాయ్ సమోసా అంత, ఇప్పటిదాకా అదీ మిస్త్రీ జేబులోంచే పోతోంది.